ఐదో నంబరు కాగితం

కాజాలు కుట్టే మనిషికి చిల్లు చూడగానే సంగతి తెలుస్తుంది. దాన్ని కోసిన చెయ్యి స్థిమితంగా ఉందా, తొందరపడిందా, మధ్యలో ఎవరో పిలిస్తే తల తిప్పిందా, అన్నీ ఆ అంచే చెప్పేస్తుంది. అందుకే బుధవారం సాయంత్రం రైఫిల్ క్లబ్బులో కోచ్ గారు మనవరాలి కాగితాన్ని గాలిలో ఆడిస్తూ, "చెయ్యి నిలకడ లేదమ్మా ఈ పిల్లకి. వచ్చే ఏడాది చూద్దాం," అన్నప్పుడు అమ్మమ్మ ఆ మాట సగమే వింది. ఆమె చూపు కాగితం మీదే ఉంది.

"ఒకసారి ఇలా ఇస్తారా?"

కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మధ్యలో అరచేతి వెడల్పు నల్ల గుండ్రం. దాని లోపల సన్నటి గీతలతో ఒకదానిలో ఒకటి వలయాలు. గుండ్రంలో కుడివైపు పైన మూడు చిల్లులు ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి. ఎడమవైపు కింద ఇంకో మూడు, అవీ అంతే. బాగా పైన మరో నాలుగు. ఒక్కొక్కటి చొక్కా గుండీ కన్నా చిన్నది.

"చెయ్యి వణికితే గుండీల డబ్బా తన్నేసినట్టు ఎటుబడితే అటు ఉండాలి కదండీ," అంది. "ఇవి చెదరలేదు. గుంపుగా జరిగాయి."

కోచ్ గారు నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు, వినే తీరిక లేని నవ్వు. "కాజాల సంగతి మీరు చూసుకోండి, కాల్పుల సంగతి నాకు వదిలెయ్యండి," అని, చేతిలోని తాళాలగుత్తి ఆడించుకుంటూ గదిలోకి వెళ్ళిపోయారు.

ఆ గదిలో ఇనప బీరువా ఉంది. బీరువాలో క్లబ్బు వాళ్ళ దుర్భిణులు రెండున్నాయి. కాగితం యాభై మీటర్ల అవతల ఉంటుంది. నలుపు మీద పడిన చిల్లు అంత దూరానికి ఏ కంటికీ కనపడదు. తూటా ఎక్కడ పడిందో తెలిస్తేనే రైఫిలుకి గురిచూసే సైటుని ఒక క్లిక్కు అటో ఇటో తిప్పుకుని సరిచేసుకోవచ్చు. అయితే ఆ దుర్భిణులు జాబితాలో పేరున్నవాళ్ళకే ఇస్తారు. జాబితాలో చేరాలంటే మార్కులు రావాలి. మార్కులు రావాలంటే చిల్లు కనపడాలి. ఈ తిరకాసు ఎవరు పెట్టారని అడిగితే, ముందునుంచీ ఇంతే అన్నారు.

జాలిపడి ఆదుకున్నది ఒక్క స్టేషన్ మాస్టరే. రిటైరై నాలుగేళ్ళయిన మనిషి. కాల్చే వరసలో నాలుగో నంబరు దగ్గర పడుకుని కాలుస్తాడు. ఆయనకి సొంత దుర్భిణి ఉంది, కొడుకు కొనిచ్చిన ఖరీదైనది. మనవరాలిది ఐదో నంబరు. అది ఒక తూటా కాల్చి "తాతయ్యా!" అనగానే ఆయన తన దుర్భిణిని కుడివైపుకి తోసి, కన్ను పెట్టి, "ఏడు! ఎడమకి, కింద!" అని మార్కూ దిక్కూ కలిపి అరుస్తాడు, మైకులో బండి రాక ప్రకటించినట్టు. ఇది ఒకోసారి వెంటనే, ఒకోసారి మూడు నాలుగు తూటాలు చూసి క్లిక్కులు తిప్పుకుంటుంది. నెల రోజులుగా అదే వరస.

ఆదివారం ఎంపిక పోటీ. మొదటి నలుగురినీ ఏడాది పాటు శిక్షణ కేంద్రంలో ఉంచి నేర్పుతారు. రైల్లో ఒక పగలంతా కూర్చుంటే గాని చేరని ఊరు. పోటీలో పక్కవాళ్ళు నోరు విప్పకూడదు, ఎవరి దుర్భిణి వాళ్ళదే.

"ఈసారికి మానేద్దాంలే అమ్మమ్మా," అంది మనవరాలు, సంచి భుజాన వేసుకుంటూ. దాన్ని చిన్నప్పటినుంచీ అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. పదిహేడేళ్ళొచ్చినా ఆ పేరు వదల్లేదు. "కోచ్ గారే లేదన్నాక ఇంకేం కాలుస్తాను?"

అమ్మమ్మ కాగితాన్ని నలగకుండా చుట్టి సంచిలో పెట్టింది. పెట్టాక మళ్ళీ తీసి చూసింది, నలిగిందేమోనని.

గురువారం దర్జీ దుకాణంలో మధ్యాహ్నం పని సద్దుమణిగాక, నెల రోజుల కాగితాలన్నీ కత్తిరింపు బల్ల మీద వరసగా పరిచింది. కదలకుండా ఒక్కోదాని మీదా ఒక్కో దారపు రీలు పెట్టింది. దర్జీ మాస్టరు చెవి వెనక సుద్దముక్కతో వచ్చి నిలబడ్డాడు.

"ఏంటమ్మా ఇవి, పురుగు కొట్టేసిన బట్టలా?"

"మీరే చూసి చెప్పండి. ఈ చిల్లులు వేసిన చెయ్యి మంచిదా, కాదా?"

ఆయన వంగి చూశాడు. ముప్పై ఏళ్ళుగా ఎదురెదురు బల్లల దగ్గర పనిచేస్తున్న మనుషులు. ఒకరి కన్నంటే ఒకరికి నమ్మకం. మూడేసి చిల్లుల గుంపుల మీద చూపుడువేలు ఆనించుకుంటూ వెళ్ళాడు.

"చెయ్యి బంగారం," అన్నాడు. "గుర్తు పెట్టినవాడెవడో వెధవ. సుద్దగీత పక్కకి గీస్తే ఎంత బాగా కోసినా చొక్కా పాడవుతుంది."

ఆ మాట అమ్మమ్మకి రోజంతా వదల్లేదు. కాజా చుట్టూ దారం తిప్పుతున్నంతసేపూ అదే. సాయంత్రం ఇంటికెళ్ళి బియ్యం కడుగుతూ, నీళ్ళు వంపుతూ, ఉన్నట్టుండి అంది:

"రేపు నువ్వు కాలేజీ నుంచి పెందలాడే వచ్చెయ్యి. దుర్భిణి కొంటున్నాం."

పిచ్చుక చేతిలో పుస్తకం మూసింది. "దేంతో?"

"కూలరుకని దాచింది ఉందిగా."

"వద్దు. వేసవి వస్తే నీకు ఊపిరాడదు. పోయినేడు తడిబట్ట కప్పుకుని కూర్చున్నావు, మర్చిపోయావా?"

"ఊపిరి బిగపట్టడం నీకు నేర్పారుగా క్లబ్బులో. నాకూ నేర్పు."

"అమ్మమ్మా, జోకులు కాదు."

"నేనూ జోకు వెయ్యట్లేదే. ముందు వెళ్ళి వీధి తలుపు గడియ పడిందో లేదో చూడు."

"ఇప్పుడే చూశావు నువ్వు."

"ఇంకోసారి చూడు."

ఆవిడ తత్వమే అంత. గడియ మూడుసార్లు చూడాలి. ఇంట్లోంచి ఎవరు బయటికెళ్ళినా గుమ్మంలో నిలబడి, మనిషి మలుపు తిరిగేదాకా చూడాలి. పాలకి వెళ్ళినా అంతే. చూడకపోతే ఆ మనిషి తిరిగి రాడేమోనన్నట్టుంటుంది ఆవిడ మొహం. ఆ ఇంట్లో ఇప్పుడున్నది ఇద్దరే. పిచ్చుక రోజూ కాలేజీకి వెళ్తూ మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యి ఊపి మరీ వెళ్తుంది. అదొక అలవాటు. ఏడాది పాటు దానికి సెలవు పెట్టడానికే తను ఇంత ఆరాటపడుతోందని అమ్మమ్మకి తెలియక కాదు. తెలిసే బియ్యంలో ఎసరు ఎక్కువ పోసింది.

శుక్రవారం దుర్భిణుల దుకాణాయన వాళ్ళని చూసి ముందు కళ్ళజోడు గిరాకీ అనుకున్నాడు. సంగతి తెలిశాక గాజు బీరువాలోంచి చెయ్యంత పొడుగున్న గొట్టం ఒకటి రెండు చేతులా ఎత్తి తెచ్చాడు.

"దీన్ని మించింది లేదమ్మా. అరవై రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. చందమామ మీద గుంటలు కూడా కనపడతాయి."

"మాకు చందమామతో పని లేదు బాబూ. యాభై మీటర్లలో చిల్లు కనపడితే చాలు."

"అయితే పిట్టగోడ మీద చూడండి, చీమ కనపడుతుంది."

"చీమా వద్దు. నేను చెప్పిన చోట చూస్తాను."

సంచిలోంచి కొలత టేపు తీసింది. ఒక కొస దుకాణం గడప మీద తన కాలితో తొక్కిపట్టి, రెండో కొస పిచ్చుక చేతికిచ్చింది. టేపు ఒకటిన్నర మీటరు. ముప్పై మూడు టేపులూ, పైన మూరెడు. రోడ్డు వారగా వంగుతూ లేస్తూ, టేపు టేపుకీ సుద్దతో గీత పెడుతూ ఇద్దరూ బయల్దేరారు. సైకిలు మీద పోతున్నవాడు కాలు ఆనించి ఆగాడు.

"ఏం పెద్దమ్మా, రోడ్డుకి చొక్కా కుడుతున్నావా?"

"అవున్నాయనా. చేతులు పొడుగ్గా కావాలంది," అంది అమ్మమ్మ తలెత్తకుండా. "ఇరవై రెండు. లెక్క తప్పించకు."

ముప్పై మూడో టేపుకి మూసి ఉన్న గోదాము తలుపు వచ్చింది. బుధవారం నాటి కాగితాన్ని ఆ తలుపుకి నాలుగు మూలలా అతికించింది. పిచ్చుక సరదాకి సుద్దముక్కతో కాగితం పైన పెద్దగా 5 అని రాసింది, క్లబ్బులో ప్రతి కాగితం పైనా నంబరు పలక ఉన్నట్టు.

దుకాణానికి తిరిగొచ్చి పెద్ద గొట్టంలో కన్ను పెట్టింది అమ్మమ్మ. మొదట ఏమీ లేదు. తర్వాత మసక. దుకాణాయన ఏదో తిప్పితే నల్ల గుండ్రంలో ఓ ముక్క కళ్ళముందుకొచ్చి, నీళ్ళల్లో తేలినట్టు ఊగింది. లోపల ఎవరో నడిస్తే మాయమైంది. మళ్ళీ వెతికితే గోదాము తలుపు మేకు దొరికింది, కాగితం దొరకలేదు.

"చీకటిగా ఉంది. పైగా ఇంత ముక్కే కనపడుతోంది. కాగితం ఏదో, అందులో ఏ మూలో తెలియట్లేదు."

"అలవాటైతే తెలుస్తుందమ్మా."

"ఆదివారంలోపల అలవాటవ్వాలి బాబూ. ఇంకోటి చూపించు."

రెండోది చిన్నది, చూడ్డానికి ముచ్చటగా ఉంది. అయితే కన్ను వెంట్రుకవాసి జరిగితే చాలు, నల్లటి నెలవంక అడ్డం వస్తోంది. అంచుల్లో చిల్లులు అలుక్కుపోయినట్టున్నాయి. ఆమె తల అడ్డంగా ఊపింది. మూడోది దుకాణాయన తనంతట తను చూపించలేదు. కింది అరలో, పెట్టె కూడా లేకుండా ఉన్నదాన్ని ఆవిడే వేలు పెట్టి చూపించింది.

"అది పాత మోడలమ్మా. ఇరవై రెట్లే. జూమూ గీమూ ఏం లేవు. మెడ కూడా వంకర."

నిజమే. గొట్టం తిన్నగా ఉంది గాని, కన్ను పెట్టే చోట పైకి వంగి ఉంది, బాతు మెడలాగ. రంగు అక్కడక్కడ గీసుకుపోయింది. కానీ ముందు గాజు మటుకు వెడల్పుగా, గీత లేకుండా ఉంది. అమ్మమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకునే కన్ను ఆనించింది.

గోదాము తలుపు పట్టపగటి వెలుతురుతో వచ్చి నిలబడింది. కాగితం మొత్తం ఉంది. పైన పిచ్చుక రాసిన 5 కూడా ఉంది. నలుపులో చిల్లులు చిన్నవే, కానీ ఖచ్చితంగా ఉన్నాయి. వెనకున్న తలుపు తెలుపు వాటిలోంచి కనిపిస్తోంది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. పది.

"పడుకో," అంది మనవరాలితో.

"ఇక్కడా?"

"మరి క్లబ్బులో కుర్చీ వేసుకుని కాలుస్తావా? పడుకో."

దుకాణం గడపలో పాత పేపరు పరిచింది. పిచ్చుక బోర్లా పడుకుని, మోచేతులు ఆనించి, గొడుగుని రైఫిల్లా పట్టుకుంది. అటూ ఇటూ పోయేవాళ్ళు కాళ్ళు ఎత్తి దాటుతున్నారు. దుకాణాయన రెండు చేతులూ గల్లాపెట్టె మీద పెట్టుకుని, ఇక తను చేసేదేమీ లేదన్నట్టు నిలబడ్డాడు. పెద్దదాన్ని పక్కన పెడితే పిల్ల మోచెయ్యి ఎత్తి, నడుము తిప్పితే గాని కన్ను అందలేదు. వంకర మెడదాన్ని పెట్టి, గొట్టాన్ని దాని పట్టీలోనే పక్కకి తిప్పితే, ఆ మెడ తనే వచ్చి పిల్ల కంటి దగ్గర ఆగింది. తల ఒక్క రవ్వ వంచితే చాలు. మోచెయ్యి కదల్లేదు. గొడుగు కదల్లేదు.

"కనపడుతోందా?"

"అమ్మమ్మా," అంది పిచ్చుక, కన్ను తియ్యకుండా, "కనపడుతోంది."

కూలరు డబ్బు సరిపోయింది. కాళ్ళు పొట్టిగా ఉన్న స్టాండు ఒకటి దుకాణాయన ఊరికే ఇచ్చాడు. బేరం ఆడినందుకు కాదు, "నా సర్వీసులో రోడ్డు కొలిచి కొన్నది మీరొక్కరే," అని. స్టాండు తేలికగా ఉంటే ఊగుతుందని, అమ్మమ్మ ఆ సాయంత్రమే మందపాటి గుడ్డతో చిన్న సంచి కుట్టి, ఇసక పోసి, మూతి రెండు వరసల కుట్టు వేసింది.

శనివారం క్లబ్బులో చివరి సాధన. ఐదో నంబరులో పిచ్చుక పడుకుంది. నాలుగులో స్టేషన్ మాస్టరు. ఆరులో ఒక కాంట్రాక్టరు, నెల కిందటే కొత్తగా చేరాడు. ఎక్కడ తగిలిందన్నది పట్టించుకోడు, ఢామ్మంటే చాలు మురిసిపోతాడు. ఆయన తూటాలకి విరామం లేదు.

కాల్చేవాళ్ళ వెనక కటకటాలూ, వాటి వెనక చూసేవాళ్ళకి బల్లా ఉన్నాయి. "ముందు నేను సరిచూసి ఇస్తాను. ఏ మరైనా వదులైపోతే రేపు ఏడవాలి," అని అమ్మమ్మ దుర్భిణిని ఆ బల్ల మీదే పెట్టి, ఇసక సంచి తగిలించి, చెవుల్లో దూది కుక్కుకుని వంగింది. కాగితాలు మూడు ఒక్కసారే కనిపించాయి. పైన పలకలు, నాలుగు, ఐదు, ఆరు. ఐదుని మధ్యలోకి తెచ్చుకుంది. ఇంకా ఒక్క చిల్లు లేదు.

పిచ్చుక కాల్చింది. నలుపులో ఠక్కున ఒక చుక్క. మధ్య నుంచి కొంచెం కుడికి. ఇంతలో స్టేషన్ మాస్టరు గొంతు.

"ఆరు! ఎడమకి, బాగా కింద!"

అమ్మమ్మ కన్ను తీసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టింది. ఐదో నంబరు కాగితం మీద ఎడమవైపు కింద ఏమీ లేదు. పిచ్చుక కుడికీ పైకీ క్లిక్కులు తిప్పడం కనిపించింది. మళ్ళీ కాల్చింది. చుక్క నలుపు దాటి కుడివైపు పైకెళ్ళి పడింది.

"ఏడు! ఇంకా ఎడమకే తల్లీ! ఇంకా తిప్పు!"

అమ్మమ్మ దుర్భిణిని వేలితో ఒక్క రవ్వ జరిపింది. ఆరో నంబరు కాగితం. కాంట్రాక్టరు గారిది. ఎడమవైపు కింద కొత్త చిల్లు.

స్టేషన్ మాస్టరు తోసే ఒక్క తోపుకి దుర్భిణి ఒక కాగితం కాదు, రెండు కాగితాలు దాటుతోంది. ఆయన ఖరీదైన గొట్టమూ అరవై రెట్లదే, అందులో నల్ల గుండ్రం తప్ప పైనున్న పలక కనపడదు. నెల రోజులుగా ఆ పెద్దమనిషి కాంట్రాక్టరు చిల్లులు చూసి దీన్ని దిద్దుతున్నాడు. చెప్పిందల్లా నమ్మి ఇది మంచి చేత్తో తప్పు గుర్తు మీద కుడుతోంది.

ఇక్కడ అమ్మమ్మ చెయ్యి ఇసక సంచి మీద ఆగిపోయింది. రేపొక్క రోజు గడిస్తే వచ్చే ఏడాది దాకా ఈ మాటే ఉండదు. దుర్భిణి మర వదులైందని ఇంటికి పట్టుకుపోతే చాలు. సోమవారం పొద్దున్న మలుపు దగ్గర చెయ్యి ఊగుతుంది, మంగళవారమూ ఊగుతుంది. ఎవరూ తనని ఏమీ అనరు. ఆ మాటకొస్తే తను చూసినట్టు ఎవరికీ తెలియదు.

పిచ్చుక, ఇంకోటి చూశాక తిప్పుదామన్నట్టు, సైటు అలాగే ఉంచి మూడో తూటా కాల్చింది. ఐదో నంబరులో, రెండో చిల్లుని అంటుకుని మరో చిల్లు. చెయ్యి బంగారం.

"ఆపవే!" అని అరిచింది అమ్మమ్మ. దూది ఉందని మర్చిపోయి అరిచినందువల్ల అది క్లబ్బంతా వినపడింది. "సైటు ముట్టుకోకు! అన్నయ్యగారూ, ఒక్కసారి మీ దాంట్లో పైకి చూడండి. పలక మీద ఎంతుంది?"

స్టేషన్ మాస్టరు గొట్టాన్ని మెల్లగా పైకెత్తాడు. చాలాసేపు కన్ను తియ్యలేదు. తీశాక లేచి కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆరు," అన్నాడు. "ముప్పై నాలుగేళ్ళ సర్వీసమ్మా నాది. ఒక్క బండిని తప్పు లైన్లోకి తీసుకోలేదు. ఈ పసిదాన్ని..."

"తాతయ్యా, మీరు లేకపోతే నాకు ఆ కాస్త కూడా చెప్పేవాళ్ళు లేరు," అంది పిచ్చుక. అని ఊరుకోక, "అయినా కాంట్రాక్టర్ గారిని మటుకు బాగా మెరుగుపరిచారు," అంది. ఆ పెద్దాయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. టోపీ చేత్తో పట్టుకునే కోచ్ గారి గదికి వెళ్ళి జరిగింది చెప్పాడు. కోచ్ గారు విని, "అదంతా రేపు తేలుతుంది లెండి," అన్నారట.

దుర్భిణి పిచ్చుక పక్కకి చేరింది. ఆరు తూటాల్లో సైటు దారికొచ్చింది. పది, పది, తొమ్మిది, పది. ఇక దానికి పట్టపగ్గాల్లేవు. తూటా కాల్చడం, తల వంచి చూడడం. కాల్చడం, చూడడం. ముప్పయ్యో తూటాకి ఎనిమిదులు మొదలయ్యాయి. చివరికి ఏడు. పిల్ల మొహం మాడిపోయింది.

అక్కణ్ణించి ఇద్దరూ దర్జీ దుకాణానికి వచ్చారు. సాయంత్రానికి ఇవ్వాల్సిన చొక్కాలున్నాయి. అమ్మమ్మ కాజా కోసి, దారం పోసి, మొదలుపెట్టింది. పిచ్చుక ఎదురుగా స్టూలు మీద మోకాళ్ళు ముడుచుకుని ఆ చేతులకేసి చూస్తూ కూర్చుంది.

"మధ్యలో తిప్పి చూడవా అమ్మమ్మా, సరిగ్గా పడుతోందో లేదో?"

"మొదటి రెండు కుట్లు చూస్తాను. అవి కుదిరితే ఇంక చూడక్కర్లేదు. ప్రతి కుట్టుకీ బట్ట తిప్పితే దారం బిగువు మారిపోతుంది."

"భయం వెయ్యదా?"

అమ్మమ్మ నవ్వింది. "నాకు వెయ్యనిదేదే భయం? కానీ అది చేతికి తెలియనివ్వకూడదు."

ఆదివారం క్లబ్బులో జనం నిండారు. కటకటాల వెనక బల్ల మీద అమ్మమ్మ, పక్కన స్టేషన్ మాస్టరు. ఈయన పోటీలో లేడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఇక్కడినుంచి చూస్తే పిచ్చుక పాదాలూ, వీపూ, పక్కన వంకర మెడ దుర్భిణీ కనిపిస్తున్నాయి. కాగితాలు యాభై మీటర్ల అవతల తెల్లటి చతురస్రాలు, అంతే.

మొదట సైటు సరిచూసుకోడానికి కొన్ని తూటాలు, అవి లెక్కలోకి రావు. పిచ్చుక ఒకటి కాల్చి తల వంచి చూసింది. రెండు క్లిక్కులు. మళ్ళీ కాల్చి చూసింది. ఒక క్లిక్కు. మూడోది. నాలుగోది. తల వంచి, ఈసారి కాస్త ఎక్కువసేపు చూసింది.

గంట మోగింది. ఇక లెక్కలోకి వచ్చే నలభై తూటాలు.

అప్పుడది ఎడమచెయ్యి చాచి, దుర్భిణి మెడని అవతలికి తిప్పేసింది.

"అదేంటి?" అంది అమ్మమ్మ, బల్ల మీంచి సగం లేచి. "తిప్పేసిందేంటి? అన్నయ్యగారూ, తిప్పేసింది చూడండి!"

"ష్. మాట్లాడకూడదు."

అమ్మమ్మ కూర్చుంది. కూలరు పోయింది, రోడ్డు కొలిచారు, పిల్లని గడపలో పడుకోబెట్టింది. ఇంతా చేసి అది ఇప్పుడు చూడనంటోంది. తను చూద్దామంటే తనకి కనపడదు. ఒక్కో తూటాకీ ఆ వీపు కొంచెం పైకి లేచి, సగం దిగి, అక్కడ ఆగిపోతోంది. తర్వాత చప్పుడు. మళ్ళీ లేచి, దిగి, ఆగి, చప్పుడు. ఏ తూటాకీ తొందర లేదు, ఏ తూటాకీ ఆలస్యం లేదు. పదో తూటాకి అమ్మమ్మకి తెలిసింది తను దేన్ని చూస్తోందో. అది తన చెయ్యి పని చేసే పద్ధతి. ఒళ్ళో ఉన్న రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని కళ్ళు మూసుకుంది. మూసుకుని ఐదో నంబరు చప్పుళ్ళే ఏరి లెక్కపెట్టింది. నలభై.

కాగితాలొచ్చాయి. మార్కులు కట్టే ఆయన గాజుబిళ్ళ పెట్టి ఒక్కొక్కటీ చూశాడు. మొదటి నలుగురిలో పిచ్చుక మూడోది. కోచ్ గారు కాగితం పట్టుకుని వచ్చారు. చిల్లులన్నీ కలిసిపోయి నలుపు మధ్యలో ఒకే ఒక కన్నం అయింది.

"ఏమైనా ఈ నాలుగు రోజుల్లో చేతికి నిలకడ వచ్చిందమ్మా!"

"చేతికి అది ఎప్పుడూ ఉందండీ," అంది అమ్మమ్మ. "బుధవారం మీ చేతిలోనే ఉంది ఆ కాగితం. ఊపడం ఆపి చూసుంటే మీకూ కనపడేది."

కోచ్ గారి చేతిలో తాళాలగుత్తి ఆగింది.

గురువారం పొద్దున్న స్టేషన్లో పిచ్చుక పెట్టె స్టేషన్ మాస్టరు పట్టుకున్నాడు, ఎవరికీ ఇవ్వలేదు. బండి వచ్చి ఉంది.

"మూడో నంబరు ప్లాట్‌ఫారమే," అన్నాడు. "బోర్డు చూశాను. లోపలికెళ్ళి కాయితంలో కూడా చూశాను. మూడే."

"తాతయ్యా, నేను కూడా చూశానండీ," అంది పిచ్చుక, నవ్వుతూ. తర్వాత అమ్మమ్మ వైపు తిరిగింది. "దుర్భిణి జాగ్రత్త. అక్కడ చిల్లు ఎక్కడ పడిందో చూపించే తెరలే ఉన్నాయట, దాని అవసరం లేదట. నేనొచ్చేదాకా బీరువాలో పెట్టు."

"బీరువాలో ఎందుకే? ఐదో నంబరు దగ్గరే బిగించి వచ్చాను, ఇసక సంచితో సహా. జాబితా లేదు, తాళం లేదు. ఎవరు పడుకుంటే వాళ్ళు చూసుకోవచ్చు."

"కోచ్ గారు ఒప్పుకున్నారా?"

"అడగలేదు. చెప్పాను."

పిచ్చుక ఆవిణ్ణి గట్టిగా పట్టుకుంది. ఎముకలు తగిలాయి. ఇద్దరిలో ఎవరివో తెలియలేదు. తర్వాత బండెక్కి కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి బయటపెట్టింది. గార్డు విజిలు వేశాడు.

అమ్మమ్మ ఆ చేతిని ఒకసారి పట్టుకుని వదిలేసి, బండికి వీపు పెట్టి నిలబడింది.

"అమ్మమ్మా! అటు తిరిగావేం? బండి కదలబోతోంది!"

"చూశానుగా," అంది అమ్మమ్మ తల తిప్పకుండా, వినపడేలాగ. "కుదిరింది. ఇంక చూడక్కర్లేదు. జాగ్రత్తగా వెళ్ళిరా!"

వెనక ఇనుము కదిలింది. ముందు నెమ్మదిగా, తర్వాత ఒక్కో పెట్టే ఒక్కో చప్పుడుగా. అమ్మమ్మ ఎదురుగా ఉన్న గోడ గడియారం కింద నిలబడి కొంగు అంచుని వేళ్ళతో మడుస్తోంది, విప్పుతోంది. అయినా తిరగలేదు. పక్కన స్టేషన్ మాస్టరు ఆవిడ వంక చూశాడు. తర్వాత టోపీ సర్దుకుని, నిటారుగా నిలబడి, పట్టాల వైపు తిరిగాడు.

"ఇంజను సిగ్నల్ దాటింది," అన్నాడు, పాత గొంతుతో. "చెయ్యి ఊపుతోంది. ఇంకా ఊపుతోంది."

అమ్మమ్మ వేళ్ళు ఆగాయి.

"మలుపు తిరుగుతోంది. చివరి పెట్టె... ఆఁ. తిరిగింది. లైను ఖాళీ."

"సరైన బండినే చూశారా?" అంది అమ్మమ్మ.

"నంబరు చూసే చెప్పానమ్మా."

ఆవిడ తల ఊపి కొంగు సర్దుకుంది. చొక్కాలు పదకొండు ఉన్నాయని దర్జీ మాస్టరు చెప్పాడు. మెట్ల వైపు నడిచింది.